తెలియని మాటకు అవునన్నాను

అమ్మకు,

దండాలతో నీ అమ్మాయి రాస్తున్నది. నేనిక్కడ కులాసాగానే ఉన్నాను. నువ్వూ తమ్ముడూ కూడా అలాగే ఉన్నారని తలుస్తాను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. చలి తగ్గింది. మజ్జిగకు మొహం వాచి ఉన్నాను తప్ప, కడుపు నిండా తింటున్నాను. శిక్షణ బాగా సాగుతోంది. కాలు పోయినవాళ్లకు కొత్త కాలు అమర్చాక, నడుము ఎటు వంగుతోంది, మడమ సరిగా ఆనుతోందా అని రోజంతా చూడటమే పని. దాంతో వీధిలో కూడా మనుషుల మొహాలు మానేసి నడకలు చూస్తున్నాను. ఆ అలవాటే మొన్న ఆదివారం నన్ను ఇరికించింది.

మధ్యాహ్నం సబ్బు కొనడానికి బయటికి వెళ్తే వీధి నిండా జనం. నల్లబట్టల్లో ఆడవాళ్లు, బరువుగా మోగుతున్న డప్పులు. ఎవరో పోయారనుకొని తల వంచుకొని నిలబడ్డాను. అంతలో బాజావాళ్లు హుషారైన పాట ఎత్తుకున్నారు, మేడల మీదనుంచి పూలరేకులు రాలాయి. పెళ్లో చావో తేల్చుకోలేక సగం నవ్వు మొహంతో ఉండిపోయాను. వెనక ఇరవైమంది భుజాల మీద మరియమాత విగ్రహం వచ్చింది. నీలం పట్టు కట్టారు. చర్చి అంటే బల్లల మీద కూర్చొని పాడటమే అనుకునేదాన్ని, ఇలా ఊరేగుతుందని తెలియదు. చెప్పులు విప్పాలా, దండం పెట్టాలా? ఎవరిని అడగను?

విగ్రహం వెనక ఒక ముసలావిడ నడుస్తోంది. ఎడమ తుంటి అరిగిపోయినట్టుంది, రెండడుగులకోసారి కూలబోతోంది. ఆలోచించకుండా వెళ్లి చెయ్యి అందించాను. పట్టుకుంది, ఇక వదల్లేదు. కళ్లకు పొరలు కమ్మి ఉన్నాయి. నా చెయ్యి తడుముతూ దారంతా ఏదో చెబుతూనే ఉంది, నేను ఊ కొడుతున్నాను. చర్చి మెట్ల దగ్గర ఆగి, నా గడ్డం పట్టుకొని ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగింది. చుట్టుపక్కలవాళ్లు మాటలు ఆపేశారు. వీళ్ల భాషలో నాకు వచ్చిన నాలుగు ముక్కల్లో "అవును" ఒకటి. అదే అన్నాను. ఆవిడ నా భుజం మీద వాలి భోరున ఏడ్చింది. పక్కనున్న లావుపాటాయన కూడా కళ్లు తుడుచుకున్నాడు. దేనికి ఒప్పుకున్నానో ఏమిటో!

నేనుంటున్న ఇంటావిడ ఆ గుంపులోనే ఉందట. ఇంటికొచ్చాక, వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది.

"ఆవిడ కూతురు పన్నెండేళ్ల కింద పోట్లాడి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. నన్ను క్షమించావా అని అడిగింది నిన్ను."

"అయ్యో, నేను ఆవిడ కూతుర్ని కాదని మీరైనా చెప్పకూడదా?"

"చెప్పే ధైర్యం ఎవరికుంది తల్లీ?"

రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. ఎవరి కూతురి మాటనో నేను దొంగిలించినట్టు అనిపించింది. మూడోనాడు ఇంటావిడను వెంటబెట్టుకొని నిజం చెప్పడానికి వెళ్లాను. ఇంటావిడ వాళ్ల భాషలోకి మార్చి చెబుతుంటే ముసలావిడ నిదానంగా విని కుర్చీ చూపించింది.

"తెలుసులే. మా పిల్ల నాకంటే జానెడు పొడుగు. కానీ చెయ్యి అందించింది నువ్వు కదా, అడగాలనిపించింది."

"మరి నేనన్న మాట చెల్లుతుందా?"

"ఏమో, నాకూ తెలీదు. ఆ పూట మాత్రం రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను."

అమ్మా, అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను. నీ ఉత్తరం చివర చిన్నక్షరాలతో "ఇంకా నా మీద కోపమేనా" అని అడిగావు. దానికి జవాబు తోచకే నెలరోజులు ఊరుకున్నాను. పరీక్షలు పాడవుతాయని నాన్న జబ్బు నువ్వు నాకు తెలియనివ్వలేదు. నేను వచ్చేసరికి ఆయన పోయారు, మంచం కూడా ఎత్తేశారు. ఆరేళ్లుగా సెలవులకు వచ్చినప్పుడల్లా నీ చేతి వంట తింటున్నాను, పైపైన మాట్లాడుతున్నాను. కానీ ఆ రోజులు నువ్వొక్కదానివే ఎలా గడిపావని ఒక్కసారీ అడగలేదు. దాచమన్నది నాన్నేనేమోనని కూడా ఆలోచించలేదు.

ముక్కూమొహం తెలియని మనిషికి ఇట్టే అనేసిన మాట, నీకెందుకు రాయలేకపోతున్నానో అంతుపట్టడం లేదు. రెండుసార్లు రాసి కొట్టేశాను. నీకు అబద్ధం రాయను.

ఎనిమిదో తారీకు పొద్దున దిగుతాను. హాస్టలుకు పోను, నేరుగా నీ దగ్గరికే వస్తాను. నాన్న మంచం పట్టిన రోజు నుంచీ చెప్పు. ఏదీ దాచకు. మధ్యలో లేచి వెళ్లిపోను.

ఇట్లు,
ఏమీ తేల్చుకోలేని నీ అమ్మాయి