మానేసినవాళ్ల గడి

ప్రియమైన అక్కకి,

హెచ్‌ఐవీ ఎలా పాకుతుందో మేం వేస్తున్న లెక్క తేలింది. మన ఊరి జనాన్ని కంప్యూటర్‌లో మూడు గడులుగా విడదీశాను: జబ్బు లేనివాళ్లు, ఉన్నా తెలియనివాళ్లు, మందు వాడుతున్నవాళ్లు. పరీక్షలు రెట్టింపు చేస్తే పదేళ్లలో కొత్త కేసులు సగానికి పడిపోతాయి. వచ్చే నెల ఆరోగ్య కమిటీ ముందు చెప్పాలి. చిన్నప్పటిలాగే తప్పులుంటే పట్టు.

నీ లెక్కల పురుగు

ఒరేయ్ లెక్కల పురుగూ,

పట్టమన్నావు కాబట్టి పడుతున్నాను. మందు మొదలుపెట్టినవాళ్లు ఇక మానరని నీకెవరు చెప్పారు? ఆస్పత్రిలో మందులిచ్చే కిటికీ పదింటికి తెరుస్తారు. మా కుట్టు మిల్లు గేటు ఎనిమిదింటికే మూస్తారు. నెలనెలా సెలవడిగితే సూపర్‌వైజరమ్మ కూపీ లాగుతుంది. మా వరసలో కుట్టే ఒకావిడ అందుకే మూడు నెలలుగా మందు ముట్టలేదు. ఇలాగే సాగితే మనిషి దక్కదు. నీ మూడు గడుల్లో ఆవిడ ఎక్కడుందో చూపించు.

తిట్టినా నీ మేలు కోరే అక్క

గురువుగారైన అక్కకి,

ఎక్కడా లేదు. రెండు రోజులు సిగ్గుతో అన్నం సయించలేదు. ‘మధ్యలో మానేసినవాళ్లు’ అని నాలుగో గడి చేర్చి మళ్లీ లెక్క కట్టాను. పరీక్షలు ఎన్ని పెంచినా చిల్లికుండలో నీళ్లు పోసినట్టే ఉంది. లెక్కలోనే కిటికీ పొద్దున్న ఆరింటికి తెరిచి, మూడు నెలల మందు ఒకేసారి ఇచ్చి చూశాను. కొత్త కేసులు మూడో వంతుకి దిగాయి.

కమిటీలో పెద్ద డాక్టరు, “ఈ గడి ఏ పుస్తకంలో ఉందయ్యా?” అని అడిగాడు. “మా అక్క ఉత్తరంలో ఉందండీ” అన్నాను. అందరూ నవ్వారు, తర్వాత ఒప్పుకున్నారు. ఒకటో తారీఖు నుంచి ఆరింటికే తెరుస్తారు. ఆవిడకి వెంటనే చెప్పు. ఆవిడని చూసి ఒక్కసారి దణ్ణం పెట్టుకోవాలని ఉంది.

నీ తమ్ముడు

బంగారు తమ్ముడూ,

ఎనిమిది నెలలు జవాబు రాయలేదని అలిగావట. ఈ కాగితం చేతికొచ్చాకే రాయాలని ఆగాను.

ఆవిడ మొదటి రోజు ఐదున్నరకే కిటికీ ముందు నిలబడింది. ఒక్క రోజూ మందు తప్పలేదు, ఒక్క పూటా పని మానలేదు. ఇవాళ రక్తపరీక్ష కాగితం వచ్చింది. వైరస్ పరీక్షకి కూడా దొరకనంత తగ్గిందట. “ఇలాగే వాడితే నిండు నూరేళ్లు బతుకుతావు” అంది డాక్టరమ్మ. విని నడిరోడ్డు మీద ఏడ్చాను, సంతోషం పట్టలేక.

ఆవిడ నేనేరా. అప్పుడే చెబితే కంగారులో లెక్క తప్పేవాడివి.

ఆదివారం రా. దణ్ణం పెడతానన్నావుగా, పెట్టు. పెద్దదాన్ని, కాదనను.

నాలుగో గడిలోంచి బయటపడ్డ
మీ అక్క