అక్కను చూడటానికి అండమాన్

పోర్ట్ బ్లెయిర్,
2 డిసెంబర్ 1996

తమ్ముడు ఇంద్రసేనకు,

ఆశీస్సులు ఈసారి ఆపేశాను. ఎందుకో చదివితే తెలుస్తుంది.

రిటైరయ్యాక దీవులు చూపిస్తానని మీ బావ నన్ను తీసుకొచ్చారు. హేవ్‌లాక్‌లో సముద్రం ఒడ్డున పాచిపట్టిన రాయి మీద జారాను. కుడికాలు మోకాలి కింద విరిగింది. అక్కడి చిన్న దవాఖానలో చెక్క ఆనించి కట్టి, పడవలో పడుకోబెట్టి ఇక్కడి పెద్ద దవాఖానకు పంపారు. సిమెంటు కట్టు వేశారు.

మీ బావ ఇచ్చిన టెలిగ్రాంకు నీ జవాబు అందింది. "ఇలాంటి రోజు మళ్లీ మళ్లీ రావాలి." ఇంకో కాలు మిగిలే ఉందని గుర్తుచేశావా?

నాంపల్లిలో నీకు అపెండిక్స్ తీసినప్పుడు హిమాయత్‌నగర్ నుంచి రోజూ టిఫిన్ క్యారియర్ మోసుకొచ్చాను. నువ్వు ఒక్కసారి వచ్చి నా మంచం పక్కన కూర్చోలేవా? రాకపోతే నీ కూతురు మృదుల పెళ్లికి మేనత్త రాదు.

నీకు అక్కనై పుట్టిన,
విద్యావతి

తా.క. మృదులకు మాత్రం ఆశీస్సులు. పాపం పిల్ల ఏం చేసింది.


ఆబిడ్స్,
11 డిసెంబర్

అక్కకు నమస్కారాలు. నేనేమీ ఆపలేదు.

టెలిగ్రాంలో పంపే అచ్చు శుభాకాంక్షలకు ఒక్కోదానికి ఒక్కో నెంబరుంటుంది. అద్దాలు మరిచిపోయి, త్వరగా నయం కావాలనే దానికి బదులు పై వరుస నెంబరు రాశాను. కళ్లజోళ్ల దుకాణం నడిపేవాడిని, ఈ సంగతి బయట చెప్పకు.

ఇక రావడం గురించి. నాంపల్లికి సముద్రం అడ్డం లేదక్కా. మద్రాసు పోయి ఓడెక్కి రోజుల తరబడి నీళ్ల మీద రావాలి. ఫిబ్రవరిలో పెళ్లి. సుల్తాన్ బజార్‌లో చీరలింకా కొననే లేదు. నువ్వు షికారుకు పోయి పడితే నేను దుకాణం మూసుకోవాలా?

మన ఎముకలు కట్టే పహిల్వాన్‌ను అడిగాను. "గా సిమెంటు తీసి పారేయుమను, నా నూనె రాయుమను" అన్నాడు. నూనె, హార్లిక్స్ కలిపి పార్సిల్ చేశాను.

నీ తమ్ముడు,
ఇంద్రసేన

తా.క. బావ పక్కనే ఉన్నారు కదా. ఆయన లెక్కలోకి రారా?


పోర్ట్ బ్లెయిర్,
20 డిసెంబర్

ఇంద్రసేన గారికి,

దారిలో నూనె సీసా పగిలి హార్లిక్స్ అంతా అందులో నానింది. డాక్టరు వాసన చూసి ఇదేంటమ్మా అన్నాడు. మా తమ్ముడి ప్రేమ అని చెప్పాను.

వైద్యానికి ఏ లోటూ లేదు. నర్సు జయమ్మ శ్రీకాకుళం మనిషి. నేనెంత కసిరినా నవ్వుతూనే పక్కకు తిప్పి పడుకోబెడుతుంది. పక్క మంచం నికోబార్ ఆమె కోసం పడవ నిండా చుట్టాలు దిగారు. నాకెవరూ లేరనుకుని, జాలిపడి నాకూ రెండు కొబ్బరికాయలు ఇచ్చారు. ఒళ్లు మండిపోయింది. మీ బావ లెక్కలోకి రారు. నన్ను ఆ రాయి దాకా తెచ్చిందే ఆయన.

పెళ్లికి రాను. ఇదే ఆఖరి మాట.

విద్యావతి

తా.క. కొబ్బరి బాగుంది.


పోర్ట్ బ్లెయిర్,
5 జనవరి 1997

అక్కకు,

నా ఇంటి అడ్రసుకు నేనే ఉత్తరం రాసుకునే గతి పట్టించావు.

చెప్పకుండా వచ్చి నీ నోరు మూయిద్దామని ఓడెక్కాను. దారంతా తిన్నది తిన్నట్టు సముద్రానికే ఇచ్చేశాను. యాపిల్ పళ్లు పట్టుకుని వార్డులోకి వస్తే నీ మంచం మీద ఎవరో పెద్దావిడ. నువ్వు నిన్ననే విమానమెక్కావట. మీ ఇల్లు రెండో అంతస్తు కాబట్టి మెట్లెక్కలేక నేరుగా మా ఇంటికే పోతున్నావట. ఒక్క కార్డు ముక్క రాయడానికి కూడా చెయ్యి రాలేదా?

మండిపడుతూ పక్కనున్న స్టూలు మీద కూర్చుంటే జయమ్మ పరుగెత్తుకొచ్చింది. "మీరేనా తమ్ముడుగారు? దానిమీద ఎవుర్నీ కూకోనివ్వనేదండి, మీ బావగార్ని కూడాను. ఓడొచ్చిన రోజల్లా తల దువ్వించుకునీవారు" అంది.

వార్డులో వాళ్లందరూ నన్ను చూడటానికి వచ్చారు. తెచ్చుకున్న కోపం ఎవరి మీద చూపించాలో తెలియక చాలాసేపు అక్కడే కూర్చున్నాను. పళ్లు ఆ పెద్దావిడకిచ్చాను.

తిరుగు ఓడ ఎప్పుడో ఎవరూ చెప్పడం లేదు.

నీ తమ్ముడు,
ఇంద్రసేన

తా.క. ఇది చూడటానికి వచ్చినట్టే లెక్క. రాలేదంటే ఊరుకోను.


ఆబిడ్స్,
13 జనవరి

చిరంజీవి ఇంద్రసేనకు ఆశీస్సులు.

కూతురి పెళ్లి పెట్టుకుని ఎవరైనా ఊళ్లు తిరుగుతారా? నీ మంచం మీదే కాలు చాపుకుని ఉన్నాను. బషీర్‌బాగ్ చుట్టాలంతా నన్ను చూడటానికి వస్తున్నారు. చాయ్‌లు కాచి కాచి మృదుల చేతులు పడిపోయాయి. తమ్ముడేడని అందరూ అడుగుతుంటే "నన్ను జూడనీకె అండమాన్ పోయిండు" అంటున్నాను. వాళ్లు నవ్వుతున్నారు. నాకు నవ్వు రావడం లేదు.

జయమ్మవన్నీ కోతలు. ఆ స్టూలు కాలు ఒకటి ఊగుతుంది. ఎవరైనా పడతారని కూర్చోనివ్వలేదు, అంతే.

పెళ్లికి రానన్న మాట మీదే ఉన్నాను. అందుకని నువ్వు మాట్లాడిన ఫంక్షన్ హాలు వద్దని చెప్పించి, మగపెళ్లివారిని ఒప్పించి, పెళ్లి ఈ ఇంట్లోనే పెట్టించాను. పందిరి నా కిటికీ ముందే వేయిస్తున్నాను. నేను రాను. పెళ్లే నా దగ్గరికి వస్తుంది.

నీ అక్క,
విద్యావతి

తా.క. ఓడెక్కేటప్పుడు చూసుకుని అడుగు వెయ్యి. నువ్వక్కడ పడ్డావంటే ఈ కాలేసుకుని నేను రావాలి.