ఉత్త గుల్లలన్నావట

కలింబా రేవు, టాంగన్యికా సరస్సు ఒడ్డు
జూలై 9

తమ్ముడు అథుమానికి,

అక్క సికుధాని సలాం. నువ్వూ పిల్లలూ చల్లగా ఉండాలి. ఇక్కడ మేమంతా క్షేమం అని రాద్దామంటే మాత్రం చెయ్యి రావడం లేదు.

మా అమ్మాయి జైతుని పురిటికని వెళ్ళాను. మనవడు పుట్టాడు, బొద్దుగా ఉన్నాడు. బాలింతకి గంజి కాచి పోసి తిరిగొస్తే నా ఇంటి తలుపుకి నీ తాళం! బావ పోయాక ఇల్లు ఖాళీగా పడి ఉందని, అక్క కూతురి పంచన చేరిందని పెద్దలకి చెప్పి, అతిథుల బస పెట్టుకోవడానికి ఒప్పించావట. పక్కింటి మ్వాంటుము చెప్పింది. తమ్ముణ్ణి ఇలాగేనా పెంచావు అని నన్నే దెప్పింది కూడా.

అది చాలదన్నట్టు, బస వాకిట్లో పరచడానికి రేవు అడుగునున్న నత్తగుల్లలన్నీ బస్తాలకెత్తించావు. మ్వాంటుము అడ్డుపడితే, నత్తలు ఎప్పుడో చచ్చాయి, ఇవి ఉత్త గుల్లలే కదా అన్నావట. ఈ ఒడ్డున పుట్టి ఆ మాట అనడానికి నీకు నోరెలా వచ్చిందిరా? వేలెడంత లేని గుల్లచేపకి అదే ఇల్లు, అదే పురిటిగది. మేతకని జానెడు దూరం పోతే ఇల్లు వదిలేసినట్టా? నిన్న నీళ్ళలోకి దిగి చూశాను. బోసి ఇసుక మీద ఒక చేప, తన గుల్ల ఉండిన గుంట చుట్టూ తిరుగుతూనే ఉంది. ఏడుపొచ్చింది. ఆ తర్వాత నీ మీద ఒళ్ళు మండింది.

శుక్రవారం నమాజు అయ్యాక పెద్దల ముందుకు రా. నీ నోటితోనే నిజం చెప్పు. గుల్లలన్నీ మళ్ళీ రేవులో వేయించు.

కోపం చల్లారని నీ అక్క,
సికుధాని

తా.క. ఈ ఉత్తరం ఎక్కడ కూర్చుని రాస్తున్నాననుకున్నావు? నా ఇంట్లోనే. వెనక తడిక ఊడదీసి మొన్ననే లోపలికి దూరాను. ఇవాళ పొద్దున నీ మనుషులు మంచాలు మోసుకొచ్చారు. పొయ్యి పొగ చూశారు కాబోలు, తాళంచెవి చేతిలో ఉండి కూడా గుమ్మం ముందు నిలబడి, లోపలికి రావచ్చా అని హోడీ, హోడీ, హోడీ అన్నారు. మూడుసార్లు పిలిచినా లోపలివాళ్ళు రమ్మనకపోతే గడప తొక్కకూడదని కూలివాళ్ళకి తెలుసు, నీకు తెలియలేదు. నేను ఉలకలేదు, పలకలేదు. పాపం, మంచాలు నెత్తిన పెట్టుకుని వెనక్కి పోయారు. రేపు నువ్వే వస్తావు. గొంతు పోయేలా పిలుచుకో. లోపల మనిషి ఉందని పెద్దల ముందు ఒప్పుకునేదాకా నేను పలకను.