నీ పేరు నిలబెట్టబోయి

ఏమోయ్ పరీక్షలమ్మా,

నువ్వు ఆ కొండ మీద చలికి వణక్కుండా, వేళకు తింటూ, క్షేమంగా ఉన్నావని అనుకుంటూ ఇది మొదలుపెడుతున్నాను. ఇక్కడ మేమిద్దరం క్షేమం. వంటగది కుళాయి ఒక్కటే క్షేమంగా లేదు. అందరి కుళాయిలూ బాగుచేసేవాడి ఇంట్లో కుళాయి కారుతోందని నువ్వు వెళ్ళేముందు పెట్టిన చీవాట్లు ఇంకా నా చెవుల్లోనే ఉన్నాయి. కిందటి ఉత్తరంలో మొదట అడిగింది కూడా దాని గురించే. వాషరు మార్చాను. రెండు రోజులు ఆగి మళ్ళీ మొదలుపెట్టింది. ఈ ఆదివారం కుళాయినే మార్చేస్తాను, ఒట్టు.

నువ్వడిగిన రెండోది, పిల్ల కళ్ళజోడు. తీసుకున్నాం. నల్ల ఫ్రేము తనే ఎంచుకుంది. పెట్టుకోగానే నన్ను ఎగాదిగా చూసి, నాన్నా నీకు ఇన్ని తెల్ల వెంట్రుకలు ఎప్పుడొచ్చాయి అంది. షాపులో అందరూ నవ్వారు. మనం దానికి గడియారం అని పేరు పెట్టడం ఊరికే పోలేదు. పొద్దున్నే ఏడింటికి నన్ను లేపుతుంది, ఏడున్నరకు టీ ఇస్తుంది, ఎనిమిదికి బూట్లు వేసుకుని గుమ్మంలో నిలబడి చేతి గడియారం చూసుకుంటుంది. నువ్వు లేని లోటు తెలియనివ్వడం లేదు, ముఖ్యంగా సాధించే విషయంలో. రాత్రిళ్ళు మాత్రం నీ దిండు తీసుకెళ్ళి తన మంచం మీద వేసుకుంటోంది. అడిగితే మెడ నొప్పి అంటుంది.

ఇక మూడోది. "నా కోర్సు సంగతి ఏమైందో. ఈపాటికి నా పేరు తీసేసి ఉంటారు, పోనీలే" అని రాశావు. ఆ పోనీలే దగ్గర నీ పెన్ను కాగితాన్ని గీరేసింది, చూశాను. దీనికి జవాబు రాయకుండా మూడు ఉత్తరాల నుంచి నీళ్ళు నములుతున్నాను. ఇంక నమలడానికి నీళ్ళు కూడా మిగల్లేదు. ముందు మంచి మాట చెప్తాను. నీ చోటు ఇంకా ఉంది. కానీ అది నిలవాలంటే ఈ ఉత్తరంతో పాటు పంపిన కాగితం మీద నువ్వు నీ చేత్తో నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టాలి. నెలాఖరులోగా అది వాళ్ళకు అందాలి. ఎందుకో చెప్తాను. చేతిలో వేడి టీ ఉంటే కాస్త పక్కన పెట్టు.

ఈ కోర్సుకి పంపమని మీ ఆఫీసులో మూడేళ్ళు వరసగా దరఖాస్తు పెట్టుకున్నావు. నీటి పరీక్షల ఆఫీసులో పన్నెండేళ్ళుగా సీసాలు కడిగేది నువ్వు, నమూనాలు మోసేది నువ్వు, క్లోరిన్ ఎంతుందో రంగు చూసి చెప్పేది నువ్వు, రిపోర్టు కింద సంతకం పెట్టేది ఇంకొకరు. ఆ సంతకం నీది కావాలంటే ఈ కోర్సు కావాలి. ఇక్కడి విశ్వవిద్యాలయం, సముద్రం అవతలి విశ్వవిద్యాలయం చేతులు కలిపి పెట్టిన కోర్సు. ఇంట్లో కూర్చుని ఎవరి వీలును బట్టి వాళ్ళు చదువుకోవచ్చు, ఇక్కడి వాళ్ళకు అక్కడి వాళ్ళొకరిని జత చేస్తారు అని నువ్వు చెప్తుంటే నీ మొహం ఎలా వెలిగిపోయిందో నాకు తెలుసు. చేరిన మూడో వారానికే నిన్ను డ్యాం కట్టే చోటుకి ఎనిమిది నెలలకు పంపారు. అక్కడ ఫోన్ అందదు, ఇంటర్నెట్ సంగతి చెప్పనే అక్కర్లేదు. సరుకుల లారీ ఎక్కితే తప్ప ఉత్తరం కూడా చేరదు. కంప్యూటర్ మీద గుడ్డ కప్పి వెళ్ళిపోయావు.

నువ్వు వెళ్ళిన నెలన్నరకు కోర్సు వాళ్ళ నుంచి మెయిల్ వచ్చింది. ఆరు వారాలుగా మీరు ఒక్క పాఠం కూడా తెరవలేదు, పది రోజుల్లో మాకు బదులివ్వండి అని. నీకు రాస్తే చేరడానికే రెండు వారాలు. పది రోజుల తర్వాత పేరు కొట్టేస్తారని నా లెక్క. నీ పాస్‌వర్డు అల్మరా తలుపు లోపల రాసి ఉంటుందిగా. తెరిచాను. ఒక్క పాఠం తెరిచి వదిలేస్తే నువ్వు ఉన్నట్టు లెక్కలో పడుతుంది, అంతే అనుకున్నాను.

పాఠం తెరిస్తే చివర ప్రశ్నలున్నాయి. జవాబులు రాస్తేగానీ పాఠం పూర్తయినట్టు కాదట. రాశాను. తప్పులు పోయాయి. నీ పేరు మీద తప్పులు పడితే బాగుండదని మళ్ళీ చదివి మళ్ళీ రాశాను. ఇంకేముంది, వారం తిరిగేసరికి రోజూ పనినుంచి రాగానే కాళ్ళు కడుక్కుని కంప్యూటర్ ముందు కూర్చోవడం అలవాటైపోయింది. నువ్వు అనుకుంటున్నది నిజమే. నీ పేరుతో, నీ బదులు, మూడు భాగాలు నేను చదివాను. ఆరింటిలో మూడు.

ఇప్పుడే తిట్టకు. ఇంకా ఉంది.

నీకు జతగా ఇచ్చినావిడ అరవై ఒక్కేళ్ళది. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైంది. వాళ్ళ వీధిలో నీళ్ళు పసుపు రంగులో వస్తుంటే, అడిగినా ఎవరూ సరిగ్గా చెప్పకపోతే, నేనే తేలుస్తానని కోర్సులో చేరింది. ఆమె తన భాషలో రాస్తుంది, కంప్యూటర్ మన భాషలోకి మార్చి పెడుతుంది. నన్ను చెల్లీ అని పిలిచేది. నేను బస్సక్కా అనేవాడిని. మన ఇంట్లో నీళ్ళ లెక్కలు తనకు, తన నీళ్ళ లెక్కలు నాకు. ఆ లెక్కలయ్యాక ఇంటి కబుర్లు. మీ ఆయన ఎలాంటివాడు చెల్లీ అని అడిగింది ఒకరోజు. నా తల ప్రాణం తోకకొచ్చింది. నువ్వైతే ఏం చెప్తావా అని ఆలోచించి రాయడం మొదలుపెట్టాను. తడి తువ్వాలు మంచం మీద పడేస్తాడు. అడిగినదానికి జవాబు చెప్పకుండా ఊఁ అంటాడు. రేపు రేపు అని ఏడాది గడిపేస్తాడు. ఊళ్ళో వాళ్ళ ఇళ్ళల్లో నవ్వుతూ పనిచేసి ఇంటికొచ్చి మొహం ముడుచుకుంటాడు. నా మీద చాడీలు నేనే చెప్పుకుంటూ రెండు పేజీలు రాశాను. అన్నీ నాకు ముందే తెలిసినవే. అయినా నువ్వు ఎన్నిసార్లు చెప్పినా దులిపేసుకున్నవి, నా చేత్తో రాసుకుంటే సిగ్గేసింది. ఆ రోజు నుంచి తువ్వాలు తీగ మీదే ఆరేస్తున్నాను, గడియారాన్ని అడిగి తెలుసుకో.

చదువు సంగతి కూడా చెప్పాలి. నీళ్ళు ఒకేచోట నిలిచిపోతే అందులో క్లోరిన్ తగ్గిపోతుందని రెండో భాగంలో ఉంది. మన మూడో అంతస్తు కుళాయిలో లెక్క ఎప్పుడూ తక్కువే వస్తోంది. పైపు వెంట వెతుక్కుంటూ పోతే ఎక్కడ తేలిందో తెలుసా? ఎనిమిదేళ్ళ కిందట నేనే చివర మూతపెట్టి వదిలేసిన పైపు ముక్క దగ్గర. వాడకం లేని ఆ ముక్కలో నీళ్ళు నిలిచి, మిగతా వాటిలో కలుస్తున్నాయి. నేను ఇన్నేళ్ళు పైపులు బిగించాను గానీ, వాటిలో ఏం పారుతోందో ఆలోచించనే లేదు. ఆ ముక్క కోసేసి మళ్ళీ కొలిస్తే లెక్క సరిపోయింది. నీకు ఫోన్ చేసి చెప్పాలని ఎంత అనిపించిందో. ఫోన్ తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

కొంప మునిగింది మూడో భాగం చివర. జతగా ఉన్న ఇద్దరూ కెమెరా ముందు కూర్చోవాలట. రెండు విశ్వవిద్యాలయాల వాళ్ళూ ప్రశ్నలు అడుగుతారట. ఇద్దరి మార్కులూ కలిపి వేస్తారు. చెల్లీ నీ మొహం చూడబోతున్నాను, జుట్టుకి రంగు వేయించుకున్నాను అని రాసింది బస్సక్క. కెమెరా పాడైందని చెప్పొచ్చు. ఎవరినైనా ఆడమనిషిని కూర్చోబెట్టొచ్చు. రెండు రోజులు అలాంటి ఆలోచనలన్నీ చేశాను, నీ దగ్గర దాచడం ఎందుకు. కానీ నా దొంగతనం బయటపడితే నీ చోటుతో పాటు ఆమె మార్కులు కూడా పోతాయి. నాలుగు నెలలు ఆమె కష్టపడింది, నన్ను నమ్మింది. ముందు ఆమెకే రాశాను. నేను చెల్లిని కాదు, చెల్లి మొగుణ్ణి అని. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు వచ్చింది. "నాకు చాలా కోపంగా ఉంది. కానీ నీ క్లోరిన్ లెక్కలు మాత్రం తప్పు కాదు. వెళ్ళి వాళ్ళతో చెప్పు, నేను పక్కన కూర్చుంటాను" అని.

చెప్పాను. కెమెరా ముందు ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాను. ఇటువైపు కోర్సు చూసుకునే మేడం, అటువైపు ఆయన ఒకరు, తెర మూలన చిన్న గడిలో బస్సక్క. మొత్తం విన్నాక మేడం చేతిలో పెన్ను పక్కన పెట్టింది. తర్వాత మెల్లిగా చెప్పింది. ఉద్యోగాలు ఉన్నవాళ్ళు, పిల్లలు ఉన్నవాళ్ళు, జబ్బు చేసినవాళ్ళు చదువుకోవాలనే ఈ కోర్సు పెట్టాం, రెండేళ్ళ దాకా విరామం తీసుకోవచ్చు, ఒక్క కాగితం నింపితే చాలు, మీకు పంపిన మెయిల్ అడుగున అదే రాశాం అని. నేను అడుగుదాకా చదవలేదోయ్. పది రోజులు అన్న మాట దగ్గరే ఆగిపోయాను. శుద్ధంగా పప్పులో కాలేశాను.

అడగకుండానే పేరు కొట్టేస్తామని ఎందుకనుకున్నారు అని ఆమె అడిగింది. అప్పుడు చెప్పానే, నీకు ఇన్నేళ్ళుగా చెప్పనిది ఆ ముక్కూ మొహం తెలియని వాళ్ళ ముందు చెప్పాను. అందుకు ముందు నీకు క్షమాపణ చెప్పుకోవాలి. పెళ్ళిచూపుల్లో మీ నాన్నగారు అడిగితే చదువు నా తలకెక్కలేదండీ అన్నాను. అది అబద్ధం. తొమ్మిదో తరగతిలో నేను లెక్కల్లో రెండోవాణ్ణి. మా నాన్న నిచ్చెన మీదనుంచి పడి కాలు విరగ్గొట్టుకుంటే, రెండు నెలలు ఆయన బదులు పైపుల పనికి వెళ్ళాను. కట్టు విప్పిన మర్నాడే ఉతికిన బట్టలు వేసుకుని బడికి పోయాను. గుమాస్తా హాజరు పట్టీ తీసి చూపించాడు. నా పేరు మీద ఎర్ర సిరాతో గీత. చాలా రోజులు రాలేదు కదా, కొట్టేశాం అన్నాడు. నేను ఎందుకు రాలేదో ఒక్క మాట అడగలేదు. ఇంటికొచ్చి చదువంటే ఇష్టం లేదని మా అమ్మతో చెప్పాను. అలా చెప్తే అవమానం తక్కువ అనిపించింది. తర్వాత అదే అందరికీ చెప్పాను, నీకు కూడా. నీ పేరు మీద కూడా అలాంటి గీత పడుతుందేమోనన్న భయం తప్ప నాకు ఇంకేం తోచలేదు. నువ్వు ఆ గీత చూడకూడదు. అంతే.

వాళ్ళ తీర్పు ఇది. నేను రాసిన మూడు భాగాలు చెల్లవు, తీసేశారు. ఆ ప్రకారం మీ ఆఫీసుకూ ఒక ముక్క రాస్తారు. మీ పెద్దాయన దగ్గర నీకు మాట పడుతుందేమో, దానికి నేనేం చేసినా తీరదు. బస్సక్కకు వేరే జత ఇచ్చి మళ్ళీ పరీక్ష పెట్టారు, గట్టెక్కింది. నీ చోటు విషయంలో మాత్రం వాళ్ళకు ఒకటే తెలియాలి, ఇదంతా నీకు తెలిసి జరిగిందా లేదా. నేను లేదన్నాను. నా మాట చాలదు, నీ మాట కావాలన్నారు. తెలిసే జరిగిందంటే నీ చోటు పోతుంది. నీకు తెలియదు. ఆ నిజమే రాయి. నా మీద కోపమొస్తే అది కూడా రాయి, నన్ను కాపాడాలని ఒక్క అక్షరం కూడా రాయకు.

చివర్లో మేడం ఇంకో మాట అంది. మీకు ఇంత ఆసక్తి ఉందిగా, మీ పేరుతోనే చేరండి, పనిలో నేర్చుకున్నదాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటాం అంది. నేను వద్దన్నాను. ఒక్కరినే ఉంచుకునేట్టయితే మా ఆవిణ్ణి ఉంచండి, నేను చేరితే ఆమె చోటు పోతుందేమో అన్నాను. ఆమె నవ్వలేదు. "ఇక్కడ ఒకరు కూర్చోవాలంటే ఇంకొకరు లేవక్కర్లేదండీ" అంది. కెమెరా ఉందని కూడా మర్చిపోయి ఏడ్చాను. బస్సక్క కూడా కళ్ళు తుడుచుకుంది. అటువైపు ఆయన కాగితాలు సర్దుకుంటూ ఉండిపోయాడు.

చేరాను. ఒకటో భాగం, ఒకటో పాఠం నుంచి. చేరినవాళ్ళ జాబితా తెరిస్తే నీ పేరు ఉంది, ఎదురుగా విరామం, సంతకం రావాలి అని ఉంది. కిందికి జరిపితే నా పేరు. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. గడియారాన్ని పిలిచి చూపించాను. అది కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివి, నాన్నా నీ పేరు ఇంత పొడుగా అంది.

ఈ ఉత్తరం తెచ్చిన లారీ అక్కడ గంటసేపే ఆగుతుందని నువ్వే రాశావు. ఆ తర్వాత లారీ వచ్చేసరికి గడువు దాటిపోతుంది. నా పేరు మళ్ళీ ఒక పట్టీలోకి ఎక్కడానికి ముప్ఫై ఏళ్ళు పట్టిందే. నీది ఒక్క రోజు కూడా దిగకూడదు. ముందు సంతకం పెట్టి డ్రైవరు చేతికివ్వు. తిట్లు తర్వాతి లారీలో పంపినా ఫర్వాలేదు, ఎన్ని పేజీలైనా చదువుతాను, ఈసారి అడుగుదాకా చదువుతాను.

ఇట్లు,
నీ చోటు పోగొట్టబోయి నీ పక్కన చోటు దొరికినవాడు,
గడియారం వాళ్ళ నాన్న