గాజు కాలువ

జూన్ 9, సోమవారం

డీన్ ఉదయభాస్కర్ గారు ఈరోజు ఫ్యాకల్టీ అందరినీ ఆడిటోరియంలో కూర్చోబెట్టి స్లైడ్లు చూపించారు. గ్రాఫులన్నీ పైకే వెళ్తున్నాయి. ఫ్యాకల్టీ పెరిగింది, రీసెర్చ్ పేపర్లు పెరిగాయి, సీట్లు పెరిగాయి, ఆరంతస్తుల కొత్త బ్లాక్ లేచింది. ఒక్క గ్రాఫు మాత్రం కిందికి దిగుతోంది. అది మా సివిల్ డిపార్ట్‌మెంట్‌ది. ఇంటికి చుట్టాలొస్తే మార్కులు తక్కువొచ్చిన పిల్లాణ్ణి లోపలికి పంపేసినట్టు, డీన్‌గారు ఆ స్లైడు గబుక్కున దాటించేశారు.

తర్వాత అసలు సంగతి చెప్పారు. ఈ ఏడాది సివిల్‌లో కనీసం ముప్పై మంది చేరకపోతే ఫస్టియర్ తెరవరట. హైడ్రాలిక్స్ ల్యాబ్ తీసేసి అక్కడ కంప్యూటర్ ల్యాబ్ పెడతారట. ఆ ల్యాబ్ నాది. అంటే, నాకు అప్పగించారు, ఆరు నెలల క్రితం.

ఈ ఏడాది చేరినవాళ్ళం లేచి మా గురించి నాలుగు మాటలు చెప్పాలన్నారు. నేను పేరు చెప్పి కూర్చున్నాను. కంప్యూటర్ సైన్స్ వెంకటదుర్గ నన్ను గిల్లి, మిగతా మూడూ ఇంటి దగ్గర పెట్టొచ్చావా అంది.

జూన్ 10

రాజమండ్రి కాన్వెంట్‌లో పన్నెండేళ్ళు చదివి రెండు నేర్చుకున్నాను. ఇంగ్లీషు, మౌనం. సిస్టర్లు రెండోదానికే ఎక్కువ మార్కులు వేసేవారు.

ఫ్లూమ్ దగ్గర ఆ రెండోది పనికొస్తుంది. ఫ్లూమ్ అంటే ల్యాబ్ పొడవునా గాజు గోడల కాలువ. పంపు వేస్తే నీళ్ళు ఒక చివర నుంచి మరో చివరకు పారతాయి. పక్కన నిలబడి నీళ్ళ లోపల ఏం జరుగుతోందో చూడొచ్చు. ల్యాబ్ అటెండర్ లోవరాజు దాన్ని గాజు కాలువ అంటాడు. ఆ పేరే బాగుంది.

నా రీసెర్చ్ గుర్రపుడెక్క మీద, నీళ్ళ మీద తేలుతూ అల్లుకుపోయే మొక్క. కాలువలో డెక్క పెరిగితే నీళ్ళు ఎంత పైకి లేస్తాయి, ఎవరి పొలానికి ఎంత వెళ్తాయి అన్నది. అసలు డెక్క రెండ్రోజుల్లో కుళ్ళుతుంది కాబట్టి గిన్నెలు తోముకునే ఆకుపచ్చ పీచు వాడుతున్నాను. మనింట్లో ఇన్ని గిన్నెలున్నాయా అని అమ్మ అడుగుతోంది.

జూన్ 16

అడ్మిషన్ డ్యూటీ. ర్యాంకులు వచ్చిన పిల్లల ఇళ్ళకు వెళ్ళి మా యూనివర్సిటీలో చేరమని చెప్పాలి. వెంకటదుర్గనీ నన్నూ వ్యాన్‌లో పాలకొల్లు పంపారు. మాట్లాడే పని తనది, బ్రోషర్లు మోసే పని నాది.

మూడో ఇంటాయన వెంకటదుర్గకి కుర్చీ వేసి నన్ను చూశారు. ఈ పాప మీ కాలేజీలోనే చదువుతోందా అండి అన్నారు. వెంకటదుర్గ పెదవి కొరుక్కుంది. ఆయన నన్నే, ఏ బ్రాంచి తల్లీ అనడిగారు. సివిల్ అన్నాను. పాపం ఆయన ముఖం చిన్నబోయింది. ఇంకా టైముంది, మార్చేసుకో, ఆడపిల్లవి ఎండలో ఎక్కడ నిలబడతావు, మీ నాన్నగారి నంబరివ్వు నేను మాట్లాడతా అన్నారు. అంత ప్రేమగా చెబుతున్న మనిషితో నేను లెక్చరర్నండి అనడానికి నోరు రాలేదు. సరేనండి అన్నాను. వాళ్ళావిడ నాకు మాత్రం రెండు పూతరేకులు ఎక్కువ పెట్టారు.

గోదావరి మీద సిద్ధాంతం వంతెన దాటేదాకా వెంకటదుర్గ నవ్వుతూనే ఉంది. డ్రైవర్‌కి కూడా చెప్పేసింది.

ఆ ఇంట్లో అబ్బాయి కంప్యూటర్ సైన్స్‌లో చేరుతున్నాడు.

జూన్ 17

ఎందుకు సరేనండి అన్నాను?

జూలై 2

డీన్‌గారు టేపు పట్టుకుని ల్యాబ్‌కి వచ్చారు. ఏసీలు ఎక్కడ వస్తాయో కొలిచారు. మంచి మనిషే. మీకేం భయం లేదు సత్యకుమారి గారూ, చిన్న ట్రైనింగ్ ఇప్పిస్తాం, పైథాన్ ప్రోగ్రామింగ్ చెబుదురుగాని అన్నారు. ఫ్లూమ్ ఏమవుతుందండి అని అడిగాను. వినపడలేదనుకుంటా. పంపు నడుస్తోంది.

సివిల్‌లో ఇప్పటికి ఏడుగురు.

జూలై 12, శనివారం

ఓపెన్ డే. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

కొత్త బ్లాక్‌లో రోబోలు, డ్రోన్లు, ఏసీ హాలు. తల్లిదండ్రులు హాలు పట్టనంతమంది వచ్చారు. పట్టనివాళ్ళు నీడ కోసం మా వైపు వచ్చి, నీళ్ళ చప్పుడు విని ల్యాబ్‌లోకి తొంగిచూశారు. నేను పీచు సర్దుకుంటూ తల ఎత్తలేదు.

అప్పుడు తెల్లచొక్కా పెద్దాయన ఒకరు గాజుకి ముఖం ఆనించి, ఏవండీ, ఇందులో పైవాళ్ళెటు, శివారెటు అన్నారు. ఆయన పల్లంరాజు గారు. మొగల్తూరు అవతల కాలువ చిట్టచివరి ఊరట. కూతురు సాయిదుర్గని కంప్యూటర్ సైన్స్‌లో చేర్చడానికి వచ్చారు. నేను వేలితో చూపించాను. ఆయన శివారు చివర నిలబడి, అయితే నా చేను ఇక్కడన్నమాట, నాట్లెయ్యడానికి చుక్క రావడం లేదండి అని ఊరుకోకుండా, ఈ పైవాళ్ళు తాగేస్తున్నారు అన్నారు.

పైవాళ్ళ వైపు నిలబడినాయన కూడా రైతే. చంద్రరావు గారు, కొడుకుని చేర్చడానికి వచ్చారు. ఆయనది అదే కాలువ మీద ఎగువ ఊరు. ఏం రాజుగారూ, ప్రతి ఏడూ ఇదే ఏడుపా, మీ దగ్గర డెక్క మీరు తీసుకోరు, మమ్మల్నంటారేంటి అన్నారు. రాజుగారు ఊరుకుంటారా. మీరు అడ్డకట్టలు వేసి తూములోకి ఎక్కించుకుంటున్నది నాకు తెలీదా అన్నారు. నువ్వు చూశావా అంటే నువ్వు చూపించు అనుకున్నారు. చుట్టూ జనం చేరారు. అందరూ ఏదో ఒక కాలువ వాళ్ళే. అందరికీ చెప్పాల్సింది ఉంది. ఒకాయన బయటి నుంచి ఇటుక తెచ్చి అడ్డకట్ట అంటూ నా ఫ్లూమ్‌లో పడేశాడు. గాజు టంగుమంది.

ఆగండి అని ఎవరో గట్టిగా అరిచారు.

నేనే.

అందరూ నా వైపు తిరిగారు. ఇక వెనక్కి వెళ్ళడానికి దారి లేదు. ఇద్దరిదీ తప్పేనండి అన్నాను. ఇటుక తీయించాను. ఫ్లూమ్ మొదట్లో ఒకచోట గాజు బదులు అక్రిలిక్ షీట్ వేసి చిన్న గొట్టం బిగించాం. అదే తూము అనుకోమన్నాను. దాంట్లోంచి సన్నగా ధార వస్తోంది. ఇప్పుడు చూడండని, తూముకి కాస్త దిగువన ఆకుపచ్చ పీచు వరుసలుగా దించాను. వెనక నీటిమట్టం మెల్లగా లేచింది. తూము ధార లావెక్కింది. ఎవ్వరూ ముట్టుకోలేదు. అవతల శివారు చివర నీళ్ళు తగ్గిపోయాయి.

వెనక ఉన్నవాళ్ళు కూడా గాజు దగ్గరకి జరిగారు.

ఎగువ వాళ్ళకి కాలువ నిండుగా కనిపిస్తుంది, ఇన్ని నీళ్ళుంటే కిందవాళ్ళకేం తక్కువ అనుకుంటారు, అది అబద్ధం కాదు అన్నాను. కిందవాళ్ళకి నీళ్ళు రావు, పైవాళ్ళు దొంగిలించారనుకుంటారు. దొంగ మధ్యలో ఉంది, అదిగో ఆ పచ్చది. డెక్క ఎవరి ఊళ్ళో ఉందన్నది కాదండి, మధ్యలో ఎవరూ నాదనుకోని చోట ఉంది అన్నాను. ఇంత పొడుగు మాట నా జన్మలో చెప్పలేదు.

చంద్రరావు గారు, చూశావా రాజూ, మేం దొంగలం కాదు అని ఆయన భుజం తట్టారు. రాజుగారు వెంటనే, బానే ఉంది, మరి మీ ఊరి తూము పక్కన ఆ రెండో గొట్టం సంగతేంటండీ అన్నారు. చంద్రరావు గారు ఫ్లూమ్ వంక చూసి, అది మా నాన్న హయాంలోది అన్నారు. ల్యాబంతా నవ్వులే. ఆయన కూడా నవ్వారు.

పీచు ఇటు మార్చు, అటు మార్చు, మా ఊరి వంతెన పెట్టు, మా లాకులు పెట్టు అని అందరూ అడగడం మొదలుపెట్టారు. ఏసీ హాల్లో సగం కుర్చీలు ఖాళీ అయ్యాయట. జనం ఏమయ్యారా అని డీన్‌గారు వెతుక్కుంటూ వచ్చారు. ఎవరో ఆయనెవరో తెలియక, కాస్త ఈ ఇటుక పట్టుకోండి మాస్టారూ అని చేతికిచ్చారు. పట్టుకున్నారు. చాలాసేపు పట్టుకున్నారు.

జూలై 13

గొంతు పోయింది. అమ్మ మిరియాల పాలు ఇస్తూ, పాతికేళ్ళుగా ఎదురుచూసిన గొంతు, వచ్చినరోజే పోగొట్టుకున్నావు అంది.

జూలై 18

అంత సంబరపడ్డానా, నిన్న లిస్టు చూశాను. ఫ్లూమ్ చుట్టూ నిలబడినవాళ్ళందరూ నేరుగా వెళ్ళి కంప్యూటర్ సైన్స్‌కి సంతకం పెట్టారు. చంద్రరావు గారబ్బాయి, రాజుగారమ్మాయి కూడా. నీళ్ళ తగాదా తీర్చుకోవడానికి సివిల్, పిల్లలకి కంప్యూటర్లు. వాళ్ళని తప్పు పట్టలేను. మా ఇంట్లో కూడా నన్ను అదే తీసుకోమన్నారు.

సివిల్‌లో పదకొండు మంది.

జూలై 27, ఆదివారం

పల్లంరాజు గారు ఫోన్ చేసి, గాజు కాలువ చూపించారు, ఇప్పుడు మట్టి కాలువ చూడండి మేడంగారూ అన్నారు. లోవరాజు, నేను, మా థర్డ్ ఇయర్ పిల్లలు నలుగురు వెళ్ళాం. చంద్రరావు గారు బైక్ మీద వచ్చారు. రెండు ఊళ్ళ మధ్య డెక్క ఎంత దట్టంగా ఉందంటే కొంగలు దాని మీద నడుస్తున్నాయి. నీటిమట్టం కొలిచే కర్ర పట్టుకోవడానికి మనిషి చాలకపోతే సాయిదుర్గ చెప్పులు విడిచి దిగింది. అడక్కుండానే రీడింగులు చదివింది. నాలాంటిదే, పెద్దగా మాట్లాడదు. అందరూ ముందు వెళ్తుంటే పక్కన నడుస్తూ, సివిల్ వాళ్ళకి జీతాలెంత మేడం అని అడిగింది. నిజం చెప్పాను. మొదట్లో తక్కువే అన్నాను.

రాజుగారింట్లో భోజనాల దగ్గర, నాన్నా నేను సివిల్‌కి మారతాను అంది. రాజుగారు ముద్ద ఆపేశారు. ఈ నీళ్ళ గొడవ నాతో పోవాలి, నువ్వు ఏసీలో కూర్చోవాలి అన్నారు. కేక వేసి కాదు, బతిమాలినట్టు. సాయిదుర్గ ఆయనకి పులుసు వడ్డిస్తూ, ఏసీలో కూర్చున్నా మీరు ఫోన్ చేసి చెప్పేది నీళ్ళు రాలేదనే కదా నాన్నా అంది. వాళ్ళమ్మగారు నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయారు. రాజుగారు ఆపిన ముద్ద నోట్లో పెట్టుకున్నారు. నా వైపు చూసి, మీరు మా ఇంటికి రాకుండా ఉండాల్సిందండి అన్నారు. మళ్ళీ తనే, ఇంకాస్త కూర వేసుకోండి అన్నారు.

ఆగస్టు 4

అడ్మిషన్లు ముగిశాయి. సాయిదుర్గ మారింది. డెక్క తీసేదాకా ఊరుకోం అని రెండు ఊళ్ళ నీటి సంఘాలూ పట్టుబట్టాయి, మన కాలువల పని మన పిల్లలే నేర్చుకోవాలని ఇంకొందరు తెచ్చి సివిల్‌లో చేర్చారు. మొత్తం ఇరవై మూడు. ముప్పై కాలేదు.

డీన్‌గారి గదికి పిలవకుండానే వెళ్ళాను. తలుపు దగ్గర రెండుసార్లు వెనక్కి తిరిగాను, అది రాయకపోతే అబద్ధమవుతుంది. లోపలికెళ్ళి నిలబడే చెప్పాను. రెండు ఊళ్ళ నీటి సంఘాలు మనల్ని కొలిచిపెట్టమంటున్నాయండి, కన్సల్టెన్సీ ఫీజు ఇస్తామంటున్నారు, అది రీసెర్చ్ లెక్కలోకి వస్తుంది, పేపరు వస్తుంది, పిల్లలు లేకపోతే కర్ర ఎవరు పట్టుకుంటారు అన్నాను. ఆయన విన్నారు. గది మాత్రం ఇవ్వలేను, కంప్యూటర్ సైన్స్ పిల్లలు అప్పుడే రెట్టింపయ్యారు, వాళ్ళని ఎక్కడ కూర్చోబెట్టను అన్నారు. అదీ నిజమే.

నేను మాట్లాడకుండా నిలబడ్డాను. వెళ్ళలేదు. అదొక్కటే నాకు బాగా వచ్చు.

ఆయన కిటికీలోంచి కొత్త బ్లాక్ వంక చూసి, ఆ ఫ్లూమ్‌ని ఎంట్రన్స్ హాల్లో పెడితే అన్నారు. వచ్చిన ప్రతి తండ్రీ అక్కడే ఆగుతాడు, నీళ్ళు ఫొటోల్లో కూడా బాగా పడతాయి, సరే, ఇరవై మూడుతోనే తెరుద్దాం, కానీ ఓ షరతు, అడ్మిషన్ల సీజన్లో అక్కడ నిలబడి చెప్పేది మీరే అన్నారు. పంపుకి విడిగా గది కావాలి, నేల కింద డ్రైనేజీ కావాలి, లోవరాజు నాతోనే ఉండాలి అన్నాను. ఆయన నవ్వి, మీరు మాట్లాడరని చెప్పారే నాకు అన్నారు.

వెంకటదుర్గకి చెప్తే, నీ పైథాన్ క్లాసులు నా నెత్తిన పడ్డాయి కదే అని ముందు తిట్టి, తర్వాత కావలించుకుంది.

సెప్టెంబరు 29

కొత్త హాల్లో పంపు వేసేసరికి ఫ్లూమ్‌లో ఒక చేప ఉంది. వేలంత. ఎవరు తెచ్చారంటే ఇరవై మూడు మందీ తలలు దించుకున్నారు. నీళ్ళు జోరుగా పోతున్నాయి, అది మాత్రం ఎదురీదుతూ ఉన్నచోటే ఉంది. దాని వేగమెంతో లెక్కకట్టమన్నాను. బెల్ కొట్టారు. ఎవరూ కదల్లేదు, చేప కూడా.