కుంపటి మీద కాల్చిన బుష్షులు

ఎజిసు, మంగళవారం

బంగారుతల్లి ఎఫువాకు,

నిన్నూ పిల్లల్నీ మావాళ్ళు పుట్టింటికి సాగనంపిన నాడు నోరెత్తలేకపోయాను. కొడుకు పోయిన తల్లికి నోరెక్కడిది? ఇప్పుడు వచ్చింది. "మన ఆచారంలో పోయినవాడి సొత్తు మేనమామలదే, పెళ్ళానిది కాదు. కర్మ జరిగే నలభయ్యో నాడు వాకిట్లో ఏముంటే అది మన వంశానిదే" అన్నాడు ఓపోకు అన్నయ్య. ఆ వంశం నాది కూడాను. అయినా నా డాంక్వా టాక్సీ నీది. వాడి స్నేహితుడు అడూ నీకోసం నడిపిపెడతానన్నాడు. పిల్లలిద్దరికీ బడి ఆగదు.

కానీ బండి కదలాలిగా! జ్వరం రాకముందు డాంక్వా ముందు కుడి చక్రం విప్పి, అరిగిపోయిన బుష్షులు, అదే కుదుపులాపే రబ్బరు గొట్టాలు, తీసి కొత్తవి వేశాడు. ఎడమవైపు చెయ్యి పెట్టకముందే పోయాడు నా బిడ్డ. మంచం కింద కొత్తవి రెండున్నాయి. నలభయ్యో నాటికి ఇంకా పది రోజులుంది. వాడి పక్కన కూర్చుని పానాలు అందించినదాన్ని, ఆమాత్రం నాకు రాదా?

నీ అత్తయ్య,
సెర్వా

సాల్ట్‌పాండ్, ఆదివారం

అత్తయ్యకు దండాలు.

మీ ఉత్తరం అందింది. వద్దత్తయ్యా. నా కోసం మీవాళ్ళతో తెంచుకోకండి. వాళ్ళు వెలేస్తే రేపు మీ శవపేటిక ఎవరు మోస్తారు? నేను చేపలు కాల్చి అమ్ముకుంటున్నాను. పెద్దదాన్ని బడి మాన్పించాను, బుట్ట మోస్తోంది. బండిని పోనివ్వండి.

మీ కోడలు,
ఎఫువా

ఎజిసు, శుక్రవారం

నా పిరికి కోడలికి,

బడి మాన్పించావా? ఆ ఒక్క మాట చదివి లేచాను.

జాకీ ఎత్తి, దుంగలు పెట్టి, చక్రాన్ని పట్టుకునే ఇనుప చెయ్యి విప్పాను. ఎంత కొట్టినా బుష్షులు రాలేదు. వాడెలా చేసేవాడో గుర్తొచ్చి కుంపటి రాజేసి దానిమీద పెట్టాను. రబ్బరు కాలి కారింది. ఊరంతా కంపు! పక్కింటావిడ యా తొంగిచూసి, "ఏం వండుతున్నావే, టైరు పులుసా?" అంది.

"మా అన్నయ్యకు విందు."

"కళ్ళలో నీళ్ళేంటి, పొగా?"

"పొగ కాదు, ఏడుపే."

రబ్బరు పోయినా లోపల రేకు గొట్టం కరుచుకునే ఉంది. అది తియ్యకుండా కొత్తది దిగ్గొట్టబోయాను, పిచ్చిదాన్ని! సగం పొద్దు పోయింది. చివరికి రంపం బ్లేడు లోపలికి దూర్చి గొట్టాన్ని నిలువునా కోసి, ఉలితో మడిచి, ఫుఫు ముద్ద దంచే రోకలితో నాలుగు పోట్లు వేస్తే ఊడిపడింది. రెండోదీ అంతే. కొత్తవాటికి సబ్బు రాసి, పెద్ద బోల్టు బిగిస్తూ లోపలికి లాగాను.

నిన్న అన్నయ్య వచ్చాడు. "సొంత వంశానికే ద్రోహమా?" అన్నాడు.

"నీ మేనల్లుడు సగంలో వదిలిన పని అన్నయ్యా. చేతనైతే పట్టు పానా."

"చచ్చాక నీ పెట్టె ఎవరు మోస్తారో చూస్తా!"

"మొయ్యకపోతే మానెయ్. నేను వాకిట్లో పడుంటే ముక్కు మూసుకునేది నువ్వే!"

ఇవాళే నలభయ్యో నాడు, మధ్యాహ్నం పెద్దలందర్నీ వెంటబెట్టుకొస్తాడట. రానీ. ఖాళీ దుంగలున్నాయి, పంచుకోమంటాను.

అడూ హారన్ కొడుతున్నాడు. ఈ ఉత్తరం ఎప్పటిలా లారీలో రాలేదమ్మా. వాకిట్లోకి వెళ్ళి చూడు, ఏ బండిలో వచ్చిందో. దారిలో ఎడమకు లాగిందా అని అతన్నడుగు. లాగలేదంటే ఆ పని నాది.

సోమవారం పెద్దదాన్ని ఆ బండిలోనే బడి దగ్గర దించి రమ్మను.

ఎవరికీ తలవంచని
సెర్వా