చుక్కకు బెల్లం మాన్పించిన రోజులు

ఫిబ్రవరి 3, మంగళవారం

చుక్క ఈ రోజు మలుపు తిరగనంది. సూరినాయుడు బావ జీను మీద, నేను మధ్యలో పొడవు తాడు పట్టుకుని... కుడివైపు తిప్పగానే ఆగిపోయింది. అదిలించాను. రెండడుగులు వేసి మళ్ళీ ఆగింది. పదకొండేళ్ళుగా నా దగ్గరున్న గుర్రం, ఎప్పుడూ మొండికేసింది కాదు. గట్టిగా అరిచాను దాని మీద. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

"పోనీలే బావా, దానికీ ఒల్లు నొప్పులుంటాయి కదేటి," అని తనే దిగిపోయాడు. యాభై ఆరేళ్ళకు గుర్రపు స్వారీ నేర్చుకుంటానని వచ్చిన బెల్లం వర్తకుడు. దిగడం మాత్రం ఇంకా బస్తా దింపినట్టే. దిగగానే జేబులోంచి బెల్లం ముక్క తీసి దాని నోటికి అందించాడు. నా దగ్గర అందరికీ మొదటి పాఠం అదే — ఎక్కే ముందు ఒక ముక్క, దిగాక ఒక ముక్క. అనకాపల్లిలో గుర్రంతో స్నేహం ఇంకెలా చేస్తారు?

ఫిబ్రవరి 4

ముందు గిట్టలు రెండూ వేడిగా కాలిపోతున్నాయి. బరువంతా వెనక కాళ్ళ మీద వేసి నిలబడింది. దాణా ముట్టలేదు. క్లాసులు లేవని అందరికీ ఫోన్లు చేశాను.

ఫిబ్రవరి 5

ఎలమంచిలి నుంచి పశువుల డాక్టరమ్మ వచ్చారు. గిట్ట నొక్కితే చుక్క వణికిపోయింది. ఏం పెడుతున్నారు? గడ్డి, ఉలవలు... ఇంకా? బెల్లం అన్నాను. రోజుకెంత? తెలీదు. నిజంగా తెలీదు. నేర్చుకునేవాళ్ళు ఆరుగురు. కొత్త బెల్లం దిగే రోజులు, ఎవరూ చిన్న ముక్క తేరు.

తీపి ఎక్కువై గిట్టల లోపల వాపు వచ్చిందట. ఇన్నేళ్ళూ ఏమీ కాలేదే అంటే, వయసు మీద పడింది కదా అన్నారు. లోపలి ఎముక కిందికి జారితే ఇక నిలబడదు... చుక్క ఎదుటే అనేశారు. గిట్టలకు ఐసు, కాళ్ళ కింద మెత్తటి ఇసుక, ఎండుగడ్డి, మందులు. బెల్లం ఒక్క పలుకు కూడా వద్దు.

పెట్టమన్నది నేనే.

ఫిబ్రవరి 6

రాజయ్యపేట నుంచి చేపలు తెచ్చే అతన్ని అడిగి ఐసు తెప్పించాను. గోనెసంచుల్లో వేసి గిట్టల చుట్టూ కట్టాను. షెడ్డంతా నీచు వాసన. చుక్క ముక్కు విదిలించి నన్ను అదోలా చూసింది. నవ్వొచ్చింది, వెంటనే పోయింది. నడుము పట్టేసింది. రేపు మళ్ళీ ఇదే పని.

ఫిబ్రవరి 8

బావ వచ్చాడు. లోపలికి రాలేదు, గుమ్మం దగ్గరే. "నా బరువేనేటి బావా? నిజం సెప్పు. తొంభై కేజీలున్నాను... నా మూలానే దాని కాళ్ళు పోయేయేటి?" రెండ్రోజులుగా రాత్రి అన్నం మానేశాడట.

కాదని చెప్పాలి. "సూద్దాంలే," అన్నాను. ఎందుకలా అన్నానో నాకు బాగా తెలుసు. బెల్లం అంటే, పెట్టమన్నది ఎవరనే మాట వస్తుంది. పిరికితనం. ఇంకో పేరు లేదు దానికి.

ఫిబ్రవరి 9

లేవలేదు. పడుకునే ఉంది.

ఫిబ్రవరి 11

నిన్న మధ్యాహ్నం లేచి నిలబడింది. కదలదు. ఈ రోజు బావకి చెప్పేశాను. "నీ బరువు కాదు బావా, బెల్లం. అందరిసేతా పెట్టించింది నానే." తేలికపడతాడనుకున్నాను. ఉన్నచోటే చతికిలబడ్డాడు. తర్వాత —

"రోజూ మజ్జానం కొట్టు కట్టేసి ఇటే వచ్చీవోణ్ణి. నువ్వు బోజనానికి ఎల్లీ ఏల. పెద్ద ముక్కే ఎట్టీవోణ్ణి... నా అడుగుల సప్పుడికే తలెత్తీసీది బావా. నానంటే అంత ఇష్టం అనుకున్నాను."

కోపం రావాలి. రాలేదు. నా జేబు వాసన చూసినప్పుడల్లా నేనూ అదే అనుకున్నాను, పదకొండేళ్ళు.

ఫిబ్రవరి 12

బావ ట్రాక్టరు మీద ఇసుక తెచ్చి తనే పరిచాడు. స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు — బెల్లం వాసన ఉండకూడదని. ఇద్దరం అలసిపోయి ఇసుక మీదే కూర్చున్నాం.

ఫిబ్రవరి 14

ఎడమ గిట్ట కాస్త చల్లబడింది. కుడిది అలాగే ఉంది. డాక్టరమ్మ సోమవారం వస్తారు.

పొద్దున్న ఐసు సంచులు విప్పుతుంటే గుమ్మం బయట బావ అడుగుల చప్పుడు. చుక్క తలెత్తింది. నడిచింది! పది రోజుల తర్వాత నాలుగడుగులు, కుంటుతూ, నేరుగా బావ దగ్గరికి. చొక్కా జేబు మీద మూతి పెట్టింది.

"నడిసింది బావా, నడిసింది..." ఏడ్చేశాడు. నాకూ ఆగలేదు. బాగుపడి నడిచిందో, బెల్లం కోసం నొప్పి ఓర్చుకుందో... సోమవారం దాకా తెలీదు. బావ రెండు చేతులూ చాపి, ఏమీ లేదని దానికి చూపించాడు.

ఆ ఖాళీ అరచేతులే నాకుతూ నిలబడింది. కుడి కాలు నేలకి ఆనించలేదు.